ఒక జపాన్ కారుకు పెద్ద బ్రేకులు వేసిన సంగతి

ఆ మధ్య ఐటీఐ చదివిన ఇద్దరు పిలగాండ్లు మా ఇంటికి వచ్చిన్రు. బ్రేకు పని నేర్పుమన్నరు. దుకాణం బంద్ చేసిన అని చెప్పిన. "నేర్పకున్నా సరే కాకా, ఈ లైన్ల ఎట్లుంటదో చెప్పు" అన్నరు. చాయ తాపిచ్చిన. ఏం చెప్పాల్నో తోచక, మంచిగనే ఉంటది, చేసుకోన్రి అని పంపిచ్చిన. వాళ్లు పోయినంక మనసున పట్టలేదు. మంచిగుంటది అనేది నిజం కాదు. నిజమేందో చెప్తె వాళ్లు ఈ పనిల దిగుతరో లేదో నాకు తెల్వదు. చెప్పుడు మాత్రం నా బాధ్యత.

నా పేరు సత్తయ్య. మాది నెల్లికుదురు పక్కన చిన్న ఊరు. మహబూబాబాద్‌ల, మేం మానుకోట అంటం, ఒక లారీ షెడ్డుల పానా పట్టిన. ఆడికెల్లి భూపాలపల్లి పోయి బొగ్గు టిప్పర్లకు బ్రేకులు చేసిన. ఆఖరికి జనగామల సొంత దుకాణం పెట్టుకున్న. ఎన్ని ఊర్లు మారినా చేసింది ఒక్క పనే.

భూపాలపల్లి

అక్కడ నేను ఒక కాంట్రాక్టరు షెడ్డుల ఉండేది. మా ఫోర్మన్ నర్సింగం సార్. పొట్టి మనిషి, మాట తక్కువ. ఏ టిప్పరుకు బ్రేకులు చేసినా, చేసినోడే దాన్ల కూసోవాలె, నిండ లోడుతోని మట్టికుప్ప మీదికి ఎక్కి దిగాలె, అదీ ఆయన కాయిదా. "డ్రైవర్‌ను కూసోవెట్టి కింద నిలబడి చూసుడు గాదు. నువ్వు చేసింది నీ పానం మీద చూసుకో" అనెటోడు. మొదటిసారి తలుపు తెరిచిపెట్టుకొనే దిగిన. తర్వాత అలవాటయింది. ఇప్పటికీ ఈ పనిల నాకు తెలిసిన మంచి మాట ఇదొక్కటే.

ఒక చలికాలం ఒక టిప్పరు ఎనుక బ్రేకు డ్రమ్ములు పగుళ్లిచ్చినయి. కొత్తయి వచ్చేదాంక బండి బయటికి పోదని సార్ తాళంచెవి తన జేబుల వేసుకున్నడు. కాంట్రాక్టరు మనిషి వచ్చి నిలబడ్డడు.

"బండ్లు నడిపిచ్చుడు నీ పనా, ఆపుడు నీ పనా?"

"ఆపుడే నా పని" అన్నడు సార్.

ఎదిరిచ్చి అన్నది కాదు. ఉన్న మాట చెప్పిండు. వారం తిరగకముందే ఆయనను తీసేసిన్రు. కొత్త ఫోర్మన్ వచ్చిన మొదటి రోజే తాళంచెవి డ్రైవరు మొగిలి చేతికి ఇచ్చిండు. దిగుడుకాడ బండి ఆగలేదు. మొగిలి బయటికి దుంకిండు. పానం దక్కింది, కుడికాలు మోకాలి దాంక పోయింది. తాగి నడిపిండని రాసిన్రు. మొగిలి శివమాల వేసుకున్న రోజులు అవి. అందరికీ ఎరికే. ఒక్కరం నోరు తెరువలేదు, తెరిచినోడి గతి ఏమయిందో చూసినం గద.

అప్పటి వయసుల నేను ఒకటి అనుకునేది. అట్లాంటిది జరిగినంక నర్సింగం సార్‌ను మల్ల పిలుస్తరు, నువ్వన్నదే నిజమాయె అంటరు అని. ఎవలూ పిలువలేదు. ఏ షెడ్డుల గూడ ఆయనను పెట్టుకోలేదు. పరకాల దిక్కు ఒక రైస్‌మిల్లు గేటుకాడ వాచ్‌మన్‌గ కనిపిచ్చిండు, చానా ఏండ్లకు. నన్ను గుర్తువట్టి నవ్విండు. లోపలికి వచ్చే లారీకి గేటు తీయనీకి పోయిండు.

జనగామల దుకాణం

సొంత దుకాణమయితే నా మాట నడుస్తదనుకున్న. గిరాకీ చెప్పిందే నడుస్తదని తొందర్లనే తెలిసింది. మనోళ్లు బండికి పాటల డబ్బా పెట్టిచ్చుకుంటరు, సీట్లకు కొత్త కవర్లు కుట్టిచ్చుకుంటరు, ముంగట నిమ్మకాయలు కడుతరు. బ్రేకు అనేసరికి "ఇయ్యాలటికి నడిచేటట్టు చెయ్యన్నా, వచ్చే వారం తెస్త" అంటరు. ఆ వచ్చే వారం రాదు. బ్రేకు మంచిగ చేస్తె కంటికి కనపడేది ఏం ఉండదు. గుద్దకుండ ఇంటికి వచ్చినోడు బ్రేకు మంచిగ చేసినవని చెప్పనీకి దుకాణానికి రాడు.

పాలకుర్తి ఆటోలు నా కాడికి వచ్చేవి. అందుల యాకయ్యది ఒకటి. పత్తి ఏరే కాలంల పొద్దున్నే ఊర్లల్లకెల్లి ఆడోళ్లను ఎక్కిచ్చుకొని చేన్లకాడ దించుతడు. నలుగురు పట్టే కాడ పదిమందికి తక్కువ ఉండరు. బ్రేకు నూనె కారిపోతుండేది. చక్రం లోపలి సిలిండర్ పోయిందని ఎన్నోసార్లు చెప్పిన.

"తెలుసన్నా. కాలుతోని రెండుసార్లు కొడితె బ్రేకు పడుతాంది గద."

"బండి ఒక్క రోజు ఇడిసిపెట్టు. పైసలొద్దు, ఊకెనే చేసిస్త."

"నువ్వు ఊకెనే చేస్తవు. ఆ ఒక్క రోజు నా ఆడోళ్లను ఇంకొకడు ఎక్కిచ్చుకపోతడు. తెల్లారి మల్ల నా బండి ఎక్కుతరా?"

యాకయ్య చెడ్డోడు కాదు. ముసలోళ్లను చెయ్యి పట్టుకొని ఎక్కిచ్చెటోడు. అతను చెప్పిన లెక్క గూడ తప్పు గాదు. ఈ పనిల నన్ను తిన్న సంగతి ఇదే. ఎవన్ని తిట్టాల్నో తెలిస్తె జర నయముండేది.

స్రవంతి

ఒక ఆదివారం దుకాణం ముంగట ఒక కారు ఆగింది. రెండే తలుపులు, నేలకు ఆనుకొని ఉన్నది. ముంగట లైట్లు బానెట్ల మునిగి ఉంటయి, మీట నొక్కితె రెప్ప తెరిచినట్టు లేస్తయి. జపాన్‌ల చేసిన స్పోర్ట్స్ కారు, పాతది. గసోంటిది పుస్తకాలల్ల చూసుడే గని నేను ముట్టింది లేదు. దాన్లకెల్లి చీర కట్టుకున్న ఒక ఆమె దిగింది. ముప్పై దాటిన వయసు. పేరు స్రవంతి. మానుకోటల మిర్చి, పప్పుల హోల్‌సేల్ దుకాణం వాళ్లది. తండ్రికి పక్షవాతం వచ్చినంక గల్ల మీద ఈమెనే కూసుంటాంది. హైదరాబాద్‌ల ఒకాయన అమ్ముతుంటె ఈ కారు కొన్నది. ఇంట్ల చిన్నాయనకు ఇష్టం లేదు. వారమంత దుకాణం, ఆదివారం పొద్దున కారు, అదీ ఆమె సంతోషం.

"కాకా, ఇది ఉరుకుడు బాగనే ఉరుకుతది. ఆగుడే వస్తలేదు" అన్నది.

"ముందుగాలోళ్లు ఇంజన్‌ల ఏమన్న చేసిన్రా?"

"నాకు అమ్మినాయన జోరు పెంచనీకి టర్బో పెట్టిచ్చిండట. బ్రేకులు మాత్రం పుట్టినప్పటియే."

హైవే మీదికి తీస్కపోయినం. గట్టిగ తొక్కితె మొదటిసారి ఆగింది. వెంటనే మల్ల తొక్కితె ఆలస్యంగ ఆగింది. మూడోసారి పెడలు మెత్తగ లోపలికి పోయింది, కాలిన వాసన వచ్చింది. బ్రేకు నూనె మసిలిపోతాంది. నేను ఇంత పెద్ద గిరాకీ చూసి ఆమె అడగనియి చానా చెప్పొచ్చు. గని ఆమె నన్ను ఒక్కటే అడిగింది: "ఎక్కడా తక్కువ చెయ్యకుండ, సక్కగ ఏం చెయ్యాలె?"

ఇన్నేండ్లల్ల ఏ గిరాకీ నన్ను గిట్ల అడుగలేదు. ఆమెకు కనపడకుండ మొఖం తుడుచుకునే పని పెట్టుకున్న.

హబ్బులు

పని నేర్చుకునెటోళ్లు ఈ భాగం జర పయిలంగ చదువున్రి.

చక్రాన్ని బోల్టులతోని పట్టుకునే గుండ్రటి దిమ్మెను హబ్బు అంటం. ఆ కారు హబ్బులకు నాలుగే బోల్టులు. దాని మీద చిన్న డిస్కే కూసుంటది. పెద్ద డిస్కు, దాన్ని రెండు దిక్కుల నొక్కి పట్టే పెద్ద క్యాలిపరు పెట్టాలంటె అయిదు బోల్టుల హబ్బులు కావాలె. అదే కంపెనీ పెద్ద కారుయి దీనికి సరిపోతయని తెలుసుకున్నం. స్రవంతి హైదరాబాద్‌ల తెలిసినాయనను పట్టుకొని జపాన్‌కెల్లి పాతయి తెప్పిచ్చింది.

అవి వచ్చేలోపల వరంగల్‌ల లేతు మిషిని నడిపే ఒకాయన "ఎందుకు సత్తన్నా గీ తిప్పలు? పాత హబ్బుకే కొత్త బెజ్జాలు కొట్టిస్త" అన్నడు. వద్దన్న. హబ్బు అంచు సన్నగున్న కాడ బెజ్జం పడితె అది ఎప్పుడో ఒకనాడు పగులుతది. మీరు గూడ ఒప్పుకోకున్రి, ఎంత దోస్తు చెప్పినా సరే.

ముంగట ఒక్కదిక్కే పెద్దయి వేసి చేతులు దులుపుకుంటరు చానామంది. అదీ తప్పే. ఎనుక బ్రేకులు దానికి తగ్గట్టు లేకుంటె ముంగటి చక్రాలే బరువంత గుంజుతయి, బండి ముక్కు పొడుస్తది. ఎనుక గూడ మార్చినం. మార్చినంక చేతిబ్రేకు తీగ పొడుగు సాలలేదు, దాన్ని వేరే చేపిచ్చినం. క్యాలిపర్లు పెద్దయి అయితె నూనె గూడ ఎక్కువ కావాలె, అందుకని పెడలు కాడ నూనె తోసే మాస్టర్ సిలిండర్ పెద్దది వేసినం. పాత రిమ్ములు కొత్త బోల్టులకు పట్టయి, అవీ మార్చినం.

ఆమె ఆదివారం ఆదివారం వచ్చి స్టూలు మీద కూసునేది. ఒకసారి నేను బేరింగులు కడిగి ఆరవెట్టిన. ఊకె కూసోలేక ఒకదాన్ని చేతుల పట్టుకొని తిప్పుకుంట ఉన్నది.

"కాకా, ఇది లోపల గరుకుగున్నది."

నేను చూసి మంచిదని పక్కన పెట్టిందే అది. మల్ల తిప్పిన. ఏం తెల్వలేదు. కండ్లు మూసుకొని మెల్లగ తిప్పితె ఒక కాడ ఇసుక రవ్వ అంత తగిలింది. నాలుగూ కొత్తయే వేసినం.

ఇంకొక మాట. ఇట్ల మార్చుడు కాయిదా ప్రకారం నడుస్తదా అని ఆమె తానే ఆర్టీఓ ఆఫీసుకు పోయి అడిగింది. అక్కడ ఒకాయన "రంగు మార్చకు, ఇంజన్ మార్చకు. బ్రేకులు పెద్దయి పెట్టుకుంటానంటె అడ్డం ఎవరు చెప్తరమ్మా" అని నవ్విండట. నోటిమాట. దాన్నే పట్టుకున్నం.

ఎండకాలం మొదలువెట్టిన పని వానలు పడ్డంక అయింది. చెక్ చేసే రోజు నేనే నడిపిన, ఆమె పక్కన కూసున్నది. ఒకటికి పదిసార్లు గట్టిగ తొక్కిన. స్టీరింగు అటు గుంజలే ఇటు గుంజలే, పెడలు రాయి లెక్క ఉన్నది. నేను చేసిన పనులల్ల అదొక్కటే ఎక్కడా సర్దుకోకుండ చేసింది. తిరిగి వచ్చేటప్పుడు స్టీరింగు ఆమెకే ఇచ్చిన. 

పాలకుర్తి రోడ్డు

ఆ ఏడు పత్తి ఏరుతున్నప్పుడు జరిగింది. స్రవంతి జనగామకు వచ్చి తిరిగి మానుకోటకు పోతాంది. పాలకుర్తి దాటినంక, చేన్లల్లకెల్లి గడ్డిమోపు కట్టుకున్న ఒక మోపెడ్ ఇటు అటు చూడకుండ రోడ్డు మీదికి వచ్చింది. ముసలాయన. స్రవంతి బ్రేకు తొక్కింది. కారు ఆగింది. మోపెడ్‌కు కారుకు నడుమ మనిషి నడిచిపోయేంత జాగ మిగిలిందట. ముసలాయన ఒకసారి చూసి, గడ్డి సర్దుకొని పోయిండు.

ఎనుక యాకయ్య ఆటో ఉన్నది. ఆడోళ్లను చేనుకు తీస్కపోతాండు. బ్రేకు రెండుసార్లు కొట్టేంత టైము అతనికి లేదు. కారు ఎనుక మూలకు తగిలి ఆటో పక్కకు వొరిగింది. లోపలోళ్లకు దెబ్బలు తాకినయి. అంచుకు కూసున్న లచ్చమ్మ కింద పడ్డది, ఆటో ఆమె మీద పడ్డది.

స్రవంతి దిగి ఆడోళ్లతోని కలిసి ఆటోను లేపింది. లచ్చమ్మను తన కార్ల పండుకోవెట్టి జనగామ దవాఖానకు తెచ్చింది. తోవల ఎక్కడా ఆగలేదు. దవాఖానకాడ డాక్టరు చూసి, పానం లేదన్నడు.

నాకు కబురు తెలిసి పోయేసరికి గేటుకాడ జనం ఉన్నరు. కారు అద్దం పగలగొట్టిన్రు. స్రవంతి బెంచి మీద కూసున్నది, చీరకు నెత్తురు. నన్ను చూసి లేవబోయి మల్ల కూసున్నది.

"ఆగింది కాకా" అన్నది. "నువ్వు చెప్పినట్టే ఆగింది."

ఠాణల

కారును ఠాణ ఆవరణల పెట్టిన్రు. దాన్ని చూసెతందుకు వచ్చిన ఆర్టీఓ అధికారి మంచిగనే మాట్లాడిండు. నేను చేసిన పని మొత్తం చెప్పిన. ఆయన వంగి చక్రాల నడుమకెల్లి చూసిండు, టార్చి వేసి చూసిండు.

"పని బాగుంది" అన్నడు. "అదే ఇబ్బంది. కంపెనీ పెట్టింది మారింది. మార్చిన కారు అకస్మాత్తుగ ఆగింది, ఎనుక బండి గుద్దింది. నేను రాయాల్సింది అదే."

"ఎనుక బండికి బ్రేకులు లేవు సార్."

"అది గూడ రాస్త. ఆ ఆటోడి కాడ ఏముందని? జనం అడిగేది కారు గురించే."

ఆయన అబద్ధం చెప్పలేదు. కాయిదా అదే. పర్మిషన్ ఉన్నదని చూపియ్యనీకి మా కాడ ఏం లేదు, ఆఫీసుల నవ్వినాయన ఆ మాట అన్లేదన్నడు. మోపెడ్ ముసలాయన పక్క ఊరోడే. స్రవంతి పోయి బతిమిలాడితె, ఆ రోజు తను ఇల్లు కదలలేదని చెప్పిండట. భయపడ్డడు. భయపడేటోన్ని ఏమంటం.

యాకయ్యను లోపలేసిన్రు. స్రవంతి చిన్నాయన, ఊరి పెద్దమనుషులు కూసోని మాట్లాడుకున్నరు. ఆమె ఇంక బండి ముట్టదని అందరి ముంగట చెప్పిచ్చిన్రు. కారు ఠాణలనే ఉన్నది. ఒకసారి అటు పోయినప్పుడు చూసిన. వానకు నేను బిగిచ్చిన డిస్కులు ఎర్రగ తుప్పు పట్టినయి. తాకబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్న.

అటెనుక స్రవంతి ఒక్కసారి ఫోన్ చేసింది. దుకాణంల నుంచే, ఎనుక తూకం వేస్తున్న చప్పుడు వినపడుతాంది.

"కాకా, నేను ఆపకపోయుంటే?"

"ఆ ముసలాయన పోతుండె బిడ్డా. నువ్వు ఆపినందుకే ఒక మనిషి బతికిండు."

"ఆపినందుకే ఒక మనిషి సచ్చింది గద."

 పాత బ్రేకులే ఉంటె ఆమె మెల్లగ ఆగుతుండె, యాకయ్యకు రెండోసారి కొట్టే టైము దొరుకుతుండె, ముసలాయన ఉండకపోతుండె. ఎట్ల తిప్పి చూసినా ఒకరు తక్కువే అయితున్నరు. రోడ్డు మీద అందరికీ చెడ్డ బ్రేకులే ఉన్నప్పుడు ఒక్క బండికి మంచి బ్రేకులు వేసుడు మంచిపనేనా అని నన్ను ఎవరన్న అడిగితె, అవునని గట్టిగ చెప్పే ధైర్యం నాకు పోయింది. బతుకంత చేసిన పని మీదనే ఆ ధైర్యం పోతె ఇంక పానా ఎందుకు పట్టాలె. దుకాణం బంద్ చేసిన.

లచ్చమ్మ ఇల్లు

పోవద్దు అనుకుంటనే లచ్చమ్మ ఊరికి పోయిన. ఇంట్ల కోడలు రేణుక ఒక్కతే ఉన్నది. పెనిమిటి కైకిలి పనికి పోయిండు. నేను ఆ కారుకు బ్రేకులు చేసినోన్ని అని చెప్పిన. తిడుతదనుకున్న. పీట వేసి నీళ్లిచ్చింది.

"మా అత్త అంచుకే కూసునేది. లోపల ఉబ్బరిస్తదని" అన్నది. నీళ్లచెంబు పక్కన పెట్టింది. "కారు ఆగిందట గద. మరి మాది ఎందుకు ఆగలే?"

చెప్పిన. నూనె ఎట్ల కారుతదో, సిలిండర్ ఎట్ల అరుగుతదో, రెండుసార్లు ఎందుకు కొట్టాల్నో, అంతమంది ఎక్కితె బరువుకు ఏమయితదో. అడ్డం రాకుండ మొత్తం విన్నది. చదువుకున్న మనిషి గాదు గని, మధ్యల ఏది అర్థం గాలేదో దాన్ని మల్ల అడిగింది. నేను చెప్పుడు అయినంక లేచి, గోడకు తగిలిచ్చిన పత్తి సంచి తీసి నడుముకు కట్టుకున్నది. ఆ పూట చేనుకు పోవాలె, పిలుపు వచ్చిందట.

"పెద్దయ్యా, ఈ దిక్కు తిరిగే ఆటోలన్ని నీ కాడికే వస్తుండె గద. ఏ ఆటోకు బ్రేకులు మంచిగున్నయో నీకు ఎరికుంటది. అదేందో చెప్పు. నేను అదే ఎక్కుత. మావోళ్లకు గూడ చెప్త."

నేను ఒక్కొక్క ఆటోను మనసుల తెచ్చుకున్న. పచ్చ టాపుది. నంబరు పలక వంగినది. అద్దం మీద దేవుని బొమ్మ ఉన్నది. వాటి చక్రాలు విప్పి చూసినోన్ని, ఏ దాన్ల ఏమున్నదో నాకు కండ్లకు కట్టినట్టు తెలుసు. ఇది ఎక్కు అనెతందుకు ఒక్కటి గూడ దొరకలేదు.

రోడ్డు మీద ఒక ఆటో హారన్ కొట్టింది. రేణుక ఇంకొంచెం సేపు నా మొఖం దిక్కు చూసి, తలుపు దగ్గరేసి, పోయి ఎక్కింది.